ఏ క్లాస్ తీసుకోవాలి? డ్యామేజ్ పట్టికలు చెప్పని సంగతులు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆట మొదలుపెట్టిన ఐదు నిమిషాల్లోనే మూడు నిర్ణయాలు తీసుకోవాలి. ఏ పక్షం, అలయన్సా, హోర్డా? ఏ జాతి? క్యారెక్టర్ చేసే పనిని నిర్ణయించే తొమ్మిది క్లాసుల్లో ఏది? మొదటి రెండింటి సంగతి ఎలా ఉన్నా, మూడోదానితో మాత్రం చివరిదైన 60వ లెవెల్ చేరేదాకా వంద, రెండు వందల గంటలు గడపాలి. తీరిగ్గా ఆడేవాళ్ళకు ఇంకా ఎక్కువే పడుతుంది. మధ్యలో క్లాస్ మార్చుకునే దారి లేదు. నచ్చకపోతే ఒకటో లెవెల్ నుంచి ఇంకో క్యారెక్టర్‌ను పెంచుకోవాల్సిందే.

అందుకే కొత్తవాళ్ళు ముందుగా అడిగేది ‘ఏ క్లాస్ బెస్ట్?’ అని. జవాబుగా టియర్ లిస్టులు, అంటే క్లాసులను మంచి చెడ్డల వరుసలో పేర్చిన జాబితాలు, కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో చాలామటుకు కొలిచేది ఒక్కటే: మంచి గేర్ (ఆయుధాలు, కవచాలు) అంతా వచ్చాక, నలభై మంది దాకా కలిసి చేసే రెయిడ్ అనే పెద్ద దాడిలో బాస్ ముందు నిలబడి, సెకనుకు ఎంత డ్యామేజ్ చేయగలరన్నది. ఆ పరిస్థితిలో ఆటగాడు ఉండేది వారానికి కొన్ని గంటలు. మిగతా సమయమంతా క్వెస్టుల (ఆట అప్పగించే పనుల) కోసం తిరగడానికి, ఐదుగురు కలిసి వెళ్ళే డంజన్‌కు మనుషుల్ని వెతుక్కోవడానికి, గోల్డ్ కూడబెట్టుకోవడానికి పోతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ క్లాస్ ఎంతవరకు నిలబడుతుంది, పదిమందిలో ఉన్నప్పుడు ఎవరికి దీని అవసరం పడుతుంది అనే రెండు ప్రశ్నలకు ఆ పట్టికల్లో చోటుండదు. ఆటను ఇష్టంగా కొనసాగించడమా, 40వ లెవెల్ దగ్గర విసుగొచ్చి వదిలేయడమా అన్నది మాత్రం ఎక్కువగా వాటి మీదే ఆధారపడుతుంది.

క్లాసుల పద్ధతి కంప్యూటర్ ఆటలతో పుట్టింది కాదు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీద ఆటలో మూడే ఉండేవి: కత్తి పట్టే యోధుడు, మంత్రాలు వేసేవాడు, గాయాలు మాన్పే మతగురువు. ముగ్గురిలో ఎవరూ ఒంటరిగా పూర్తి కారు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఈ లోటునే ఆన్‌లైన్ ప్రపంచానికి పునాదిగా చేసుకుంది. అందులో చాలా క్లాసులు ఒక స్థాయి దాటాక తోడు లేకుండా ముందుకు కదలడం కష్టమయ్యేది. 2004 నవంబరులో బ్లిజార్డ్ విడుదల చేసిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, అంటే క్లాసిక్‌కు మూలమైన ఆట, ఆ కష్టాన్ని కొంత తగ్గించింది. ప్రతి క్లాస్ ఎలాగోలా ఒంటరిగా 60కి చేరగలిగేలా చేసింది. కానీ డంజన్లలో, రెయిడ్లలో పాత పద్ధతి అలాగే ఉంచింది. దెబ్బలు తినే ట్యాంక్, ప్రాణం నిలబెట్టే హీలర్, శత్రువును చంపే డీపీఎస్ అన్న మూడు పాత్రలు కలిస్తేనే పని నడుస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. క్లాసిక్‌లో డంజన్‌కు ఐదుగురు వెళతారు: ఒక ట్యాంక్, ఒక హీలర్, ముగ్గురు డీపీఎస్. నలభై మంది కలిసి ఎనిమిది డంజన్లకు వెళ్ళాలంటే ఎనిమిది మంది ట్యాంకులు కావాలి. అదే నలభై మంది మోల్టెన్ కోర్ లాంటి రెయిడ్‌కు వెళితే ట్యాంకులు నలుగురో ఐదుగురో చాలు. హీలర్లు మాత్రం సుమారు పది పన్నెండు మంది కావాలి. అంటే ట్యాంకుకు డంజన్ల దశలో ఎక్కడికెళ్ళినా స్వాగతమే, రెయిడ్ల దశకు వచ్చేసరికి సగం మందికి పని ఉండదు. మొదటి రోజు నుంచి గిల్డ్ (ఆటగాళ్ళ సంఘం) లీడర్‌తో ఉన్నవాళ్ళు ఆ స్థానాల్లో కూర్చుని ఉంటారు, వాళ్ళు లేచే రకం కాదు. డీపీఎస్ వాళ్ళ సంఖ్య రెండు చోట్లా దాదాపు ఒకటే, పోటీ కూడా రెండు చోట్లా ఒకటే. రెండు దశల్లోనూ గిరాకీ తగ్గని పాత్ర హీలర్ ఒక్కరిదే.

ట్యాంకుల కొరత ఎంత పాతదో చెప్పడానికి అసలు ఆటలోనే సాక్ష్యం ఉంది. 2009 చివర్లో డంజన్ ఫైండర్ వచ్చి, మనుషుల్ని తానే కలపడం మొదలుపెట్టాక కూడా డీపీఎస్ వాళ్ళు క్యూలో పడిగాపులు కాయాల్సి వచ్చేది. చివరికి 2011లో కొరతగా ఉన్న పాత్రలో చేరేవాళ్ళకు అదనపు బహుమతులు ఇచ్చే ఏర్పాటు పెట్టారు. బహుమతి పెట్టి పిలవాల్సి వచ్చిందంటే ఆ పనిలో ఒత్తిడి ఎంతో ఊహించుకోవచ్చు. డీపీఎస్ ఆటగాడు పొరపాటు చేస్తే బాస్ చావడం కొంచెం ఆలస్యమవుతుంది. ట్యాంక్ పొరపాటు చేస్తే ఐదుగురూ పోతారు, పైగా దారి తెలియడం, ముందు నడవడం కూడా అతని బాధ్యతే అనుకుంటారు. టెన్షన్ పడే స్వభావం ఉండి, సాయంత్రం ఆఫీసు అయ్యాక కాస్త సేద తీరడానికి ఆడేవాళ్ళు ‘ట్యాంకులకు గిరాకీ ఎక్కువ’ అన్న ఒక్క కారణంతో ట్యాంక్ పని చేసే వారియర్‌ను ఎంచుకోవడం తెలివైన పని కాదు.

వారియర్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. క్లాసిక్‌లో వింత క్లాస్ ఇదే. ఎంపిక స్క్రీన్ మీద అన్నిటికన్నా సులువుగా కనిపిస్తుంది: కత్తి, కవచం, కొట్టడం. పెంచడానికి మాత్రం అన్నిటికన్నా కష్టమైన క్లాసుల్లో ఒకటి. తనను తాను బాగుచేసుకునే మంత్రం లేదు, దూరం నుంచి కొట్టి బలహీనపరిచే దారి అంతంత మాత్రం, ఒకేసారి ఇద్దరు శత్రువులు మీదపడితే చాలాసార్లు పరుగే గతి. బలమంతా చేతిలోని ఆయుధం మీద ఆధారపడుతుంది. ఐదు లెవెళ్ళు పాతబడిన గొడ్డలితో తిరిగే వారియర్‌కు ప్రతి పోరాటమూ గండమే. ప్రతి రెండు పోరాటాల తర్వాత కూర్చుని రొట్టె తినాలి. పక్కన హంటర్ తన పెంపుడు జంతువును ముందుకు తోసి, తాను దూరంగా నిలబడి, దాదాపు ఆగకుండా సాగిపోతుంటాడు.

అదే వారియర్ 60కి చేరి, మంచి ఆయుధాలు సంపాదించాక లెక్క తిరగబడుతుంది. 2004–06 కాలంలో వారియర్ అంటే డాలు పట్టుకుని నిలబడేవాడన్న అభిప్రాయమే ఎక్కువ. 2019 ఆగస్టులో క్లాసిక్‌గా అదే ఆట తిరిగి వచ్చేసరికి, పదిహేనేళ్ళుగా పోగైన లెక్కలు ఆటగాళ్ళ చేతిలో ఉన్నాయి. రెండు చేతుల్లో రెండు ఆయుధాలు పట్టిన ఫ్యూరీ వారియర్లు డ్యామేజ్ పట్టికల్లో పైకెక్కి కూర్చున్నారు. ఆనిక్సియా అనే డ్రాగన్ తల నగర ద్వారం దగ్గర వేలాడదీసినప్పుడు వచ్చే బఫ్ (కొంతసేపు బలం పెంచే ప్రభావం), జుల్‌గురుబ్ రెయిడ్ విజయంతో వచ్చే బఫ్, ఫెల్‌వుడ్ అడవిలోని పువ్వు దగ్గర దొరికే బఫ్ అన్నీ పోగు చేసుకుని రెయిడ్‌లోకి దిగితే వాళ్ళను అందుకోవడం ఇతరులకు కష్టమైంది. ఆట నియమాలు దాదాపు అవే, ఆడే తీరు మారింది. టియర్ లిస్టు చదివి వారియర్‌ను ఎంచుకున్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఆ జాబితాలో ఉన్నది బఫ్‌లన్నీ వేసుకుని, హీలర్లు వెంట ఉన్న వారియర్. వెస్ట్‌ఫాల్ పొలాల్లో ఒంటరిగా తిరిగే వారియర్ గురించి అందులో ఒక్క ముక్క ఉండదు.

నియమాల్లో చిన్న మార్పు కూడా క్లాసుల విలువను ఎలా తారుమారు చేస్తుందో డీబఫ్‌ల (శత్రువును బలహీనపరిచే, దెబ్బతీసే ప్రభావాల) పరిమితి చూపిస్తుంది. 2019 క్లాసిక్‌లో ఒక శత్రువు మీద ఒకేసారి 16 డీబఫ్‌లకే చోటుండేది. ఐదుగురి డంజన్‌లో ఆ సంఖ్య ఎవరికీ గుర్తే వచ్చేది కాదు. నలభై మంది రెయిడ్‌లో మాత్రం ఆ పదహారు స్థానాలూ రైల్వే తత్కాల్ టికెట్లలా అయిపోయేవి. కవచం బలహీనపరిచేవి, మంత్రాల దెబ్బ పెంచేవి ముందు వెళ్ళేవి. కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా ప్రాణం తీసే మంత్రాలకు చోటు మిగిలేది కాదు. అలాంటి మంత్రాలతోనే 60 లెవెళ్ళు పెరిగిన వార్‌లాక్‌ను ‘కరప్షన్ వేయొద్దు, షాడో బోల్ట్ మాత్రమే వెయ్యి’ అని రెయిడ్ లీడర్ ఆదేశించేవాడు. చీకటి మంత్రాలతో కొట్టే షాడో ప్రీస్టులు రెయిడ్‌కు ఒక్కరే చాలనేవాళ్ళు. ఆ ఒక్కరి వల్ల శత్రువు మీద పడే షాడో వీవింగ్ అనే డీబఫ్ వార్‌లాకులందరి దెబ్బనూ పెంచేది కాబట్టి ఆ ఒక్కరికి గౌరవం, రెండో షాడో ప్రీస్టుకు తలుపు మూత. 2021లో మొదలైన సీజన్ ఆఫ్ మాస్టరీ అనే ప్రత్యేక సర్వర్లలో ఈ పరిమితి తీసేసి, రెయిడ్ లోపల పైన చెప్పిన ఆ ప్రపంచ బఫ్‌లు పనిచేయకుండా చేశారు. ఏ సర్వర్‌లో, ఏ నియమాల కింద ఆడబోతున్నారో చూసుకోకుండా పాత జాబితా పట్టుకుని క్లాస్ ఎంచుకుంటే ప్రమాదం ఇక్కడే.

మేజ్‌లు కూడా ఇలాంటి దెబ్బే రుచి చూశారు. నిప్పుల వర్షం కురిపించాలని మేజ్‌ను తీసుకున్నవాళ్ళు మోల్టెన్ కోర్‌లోకి వెళ్ళేసరికి అక్కడున్నవాటిలో ఎక్కువ నిప్పుతో చేసినవే. నిప్పును నిప్పుతో కాల్చలేరు గనుక నెలల తరబడి మంచు మంత్రాలే వేయాలి.

ఇంతకన్నా పెద్ద నిరాశ హైబ్రిడ్ క్లాసులది. పాలడిన్, షామన్, డ్రూయిడ్, వీళ్ళు మూడు పాత్రల్లో దేనికైనా పనికొస్తారని ఎంపిక స్క్రీన్ మీది వర్ణన ఊరిస్తుంది. ప్రతి క్లాస్‌కూ మూడు టాలెంట్ (అదనపు నైపుణ్యాల) శాఖలుంటాయి, 10వ లెవెల్ నుంచి ఒక్కో పాయింట్ చొప్పున 60కి 51 పాయింట్లు వస్తాయి, ఏ శాఖలోనైనా పెట్టుకోవచ్చు. కాగితం మీద అంతా స్వేచ్ఛే. కానీ అన్ని పనులూ చేయగలిగినవాడు, ఒకే పని చేసేవాడి కన్నా ఆ పనిలో కాస్త వెనకబడి ఉండాలన్నది అప్పటి డిజైనర్ల సూత్రం. ఆటగాళ్ళు దీన్నే హైబ్రిడ్ టాక్స్ అనేవాళ్ళు. ఫలితంగా పెద్ద సుత్తి ఊపుతూ 60 దాకా వచ్చిన రెట్రిబ్యూషన్ (కొట్టే శాఖ) పాలడిన్‌కు రెయిడ్ గుమ్మం దగ్గర వినిపించే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘హీల్ చేస్తావా?’ ట్యాంక్ చేద్దామంటే క్లాసిక్ పాలడిన్‌కు టాంట్ లేదు, అంటే శత్రువు దృష్టిని బలవంతంగా తన వైపు లాక్కునే నైపుణ్యం లేదు. టాలెంట్లు మార్చుకోవాలంటే మొదటిసారి 1 గోల్డ్, తర్వాత పెరుగుతూ పోయి ప్రతిసారీ 50 గోల్డ్ దాకా చేరుతుంది. 40వ లెవెల్ దగ్గర మొదటి గుర్రానికి సుమారు 100 గోల్డ్ కూడబెట్టడమే గగనమయ్యే ఆటలో అది చిన్న మొత్తం కాదు. 2024 నవంబరులో మొదలైన వార్షికోత్సవ సర్వర్లలో రెండు టాలెంట్ కూర్పులు ఉంచుకునే వెసులుబాటు వచ్చి ఈ బాధ చాలావరకు తగ్గింది.

అయితే హీల్ చేయడం ఇష్టమైనవాళ్ళకు ఇదే పరిస్థితి వరం. షామన్ నేల మీద పాతే టోటెంలు, ముఖ్యంగా విండ్‌ఫ్యూరీ, దగ్గరి నుంచి కొట్టేవాళ్ళకు ప్రాణం లాంటివి. పాలడిన్ ఇచ్చే బ్లెస్సింగ్ ఆఫ్ సాల్వేషన్ డీపీఎస్ వాళ్ళ త్రెట్‌ను (శత్రువు దృష్టి ఎవరి మీదో తేల్చే లెక్కను) 30 శాతం తగ్గిస్తుంది, అంటే వాళ్ళు ట్యాంకును దాటిపోతామన్న భయం లేకుండా గట్టిగా కొట్టవచ్చు. ఈ రెండు క్లాసుల మధ్య ఎంపిక అప్పట్లో పక్షం ఎంపికే. 2007లో బర్నింగ్ క్రూసేడ్ అనే విస్తరణ వచ్చేదాకా పాలడిన్ అలయన్స్‌కు మాత్రమే, షామన్ హోర్డ్‌కు మాత్రమే ఉండేవి. డ్రూయిడ్లు రెయిడ్‌లో కొద్దిమందే ఉంటారు. పోరాటం మధ్యలో చనిపోయినవాళ్ళను లేపగలిగేది వాళ్ళే కాబట్టి ఒకరిద్దరు తప్పనిసరి. కొద్దిమందే కాబట్టి బాస్ దగ్గర డ్రూయిడ్ కవచాల సెట్‌లోని వస్తువు దొరికితే పోటీపడేవాళ్ళూ తక్కువే. పదిమంది వారియర్లు, ఆరుగురు రోగ్‌లు ఒకే కత్తి మీద కన్నేసి కూర్చున్నప్పుడు, డ్రూయిడ్ తన సెట్‌ను కొన్ని వారాల్లోనే పూర్తిచేసుకుని ధీమాగా ఉంటాడు. గేర్ త్వరగా రావాలంటే గిల్డ్‌లో ఎవరూ ఆడని క్లాస్ ఏదో కనుక్కోవడం, బలమైన క్లాస్ ఏదో కనుక్కోవడం కన్నా చాలాసార్లు ఉపయోగం.

పోరాటం బయట ప్రతి క్లాస్‌కూ ఉండే చాకిరీని ఎవరూ ముందుగా చెప్పరు. మేజ్‌కు ఆహారం, నీళ్ళు సృష్టించే మంత్రాలుంటాయి, 40 నుంచి నగరాలకు పోర్టల్ తెరవగలదు. ఒంటరిగా ఉన్నప్పుడు అది పెద్ద సుఖం, ఖర్చు మిగులు. రెయిడ్ ముందు మాత్రం మనా (మంత్రశక్తి) వాడే ప్రతివాళ్ళకూ నీళ్ళు పంచుతూ అరగంట నిలబడాలి. వార్‌లాక్ ఇద్దరి సాయంతో దూరంగా ఉన్నవాళ్ళను రప్పించగలడు. అందరూ తీరిగ్గా కూర్చుని ‘సమ్మన్’ అని టైప్ చేసి ఎదురుచూస్తారు, ప్రతి పిలుపుకూ ఒక సోల్ షార్డ్ ఖర్చు. వాటిని ముందురోజే శత్రువుల ప్రాణాలు లాగి పోగు చేసుకోవాలి, సంచిలో సగం వాటితోనే నిండిపోతుంది. ఇంత చాకిరీకి ఊరటగా 40 దగ్గర గుర్రం ఉచితం. హంటర్ తన జంతువుకు తిండి పెట్టాలి, బాణాలో తూటాలో కొనాలి. మోల్టెన్ కోర్‌లో మాగ్మడార్ అనే బాస్ ఉన్మాదంలోకి వెళ్ళినప్పుడు శాంతింపజేసే ట్రాంక్విలైజింగ్ షాట్ హంటర్ల చేతిలోనే ఉంటుంది, అది తప్పితే ట్యాంక్ పోయినట్టే. రోగ్ బతుకు వీళ్ళందరికన్నా నయం, పంచాల్సింది ఏమీ లేదు. దాక్కోవడం, తాళాలు తీయడం, విషం పూసుకోవడం అంతా తన పనే.

చాకిరీ అనిపించేది కొందరికి ఇష్టమైన పని. నలుగురికీ నీళ్ళు పంచి థాంక్స్ అనిపించుకోవడంలో ఆనందం ఉన్నవాళ్ళు మేజ్‌గా ఏళ్ళ తరబడి హాయిగా ఆడతారు. ఎవరితోనూ లావాదేవీ వద్దనుకునేవాళ్ళు మేజ్‌ను తీసుకుంటే, దారిన పోయేవాళ్ళు ‘నీళ్ళు ప్లీజ్’ అని అడిగిన ప్రతిసారీ చిరాకుపడతారు.

2023 ఆగస్టులో అధికారికంగా మొదలైన హార్డ్‌కోర్ సర్వర్లలో ప్రశ్నే మారిపోతుంది. అక్కడ ఒక్కసారి చస్తే క్యారెక్టర్ అంతటితో సరి. ఎంత కొడతామన్నది పక్కకుపోయి, ఎలా పారిపోగలమన్నది ముందుకొస్తుంది. చచ్చినట్టు నటించగల హంటర్, మాయమైపోగల రోగ్, శత్రువులను మంచులో బిగించి జారుకునే మేజ్, చుట్టూ రక్షణ కవచం వేసుకునే పాలడిన్ ఇక్కడ విలువైన క్లాసులు. రెయిడ్ పట్టికల్లో రాజ్యమేలిన వారియర్ ఇక్కడ మళ్ళీ దిక్కులు చూస్తాడు.

భారతదేశం నుంచి ఆడేవాళ్ళకు ఇంకో రెండు విషయాలు కలుస్తాయి. ఈ ఆటకు మన దేశంలో సర్వర్ లేదు. యూరప్‌కో, ఆస్ట్రేలియాకో, అమెరికాకో కనెక్ట్ కావాలి, 150 నుంచి 250 మిల్లీసెకన్ల పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్ళి వచ్చేందుకు పట్టే ఆలస్యం) మామూలే. ఒంటరి క్వెస్టుల్లో అది తెలియను కూడా తెలియదు. కదులుతున్న శత్రు ఆటగాడి వెనక నిలబడి పొడవాల్సిన రోగ్‌కు, ఒకటిన్నర సెకను మంత్రాన్ని మధ్యలో ఆపాల్సిన వారియర్‌కు బాగా తెలుస్తుంది. నిలబడి రెండున్నర, మూడు సెకన్ల మంత్రాలు వేసే మేజ్, వార్‌లాక్‌లకు నష్టం తక్కువ. రెండోది టైము. యూరప్ గిల్డ్ రాత్రి 8 గంటలకు రెయిడ్ పెడితే, చలికాలంలో హైదరాబాద్‌లో, విజయవాడలో అర్ధరాత్రి 12:30. అమెరికా తూర్పు తీరంలో ఉన్న అన్నయ్యతోనో, కాలేజీ ఫ్రెండ్స్‌తోనో ఆడదామంటే వాళ్ళ రాత్రి 8 మనకు తెల్లవారి 6:30. వారం వారం ఆ టైముకు కూర్చోలేనివాళ్ళకు రెయిడ్ డ్యామేజ్ లెక్కలతో పనే లేదు. వాళ్ళకు కావాల్సింది దొరికిన గంటలో ఒంటరిగా సాగిపోయే హంటర్ లేదా వార్‌లాక్, లేకపోతే ఎప్పుడు లాగిన్ అయినా ఐదు నిమిషాల్లో డంజన్ గుంపు దొరికే హీలర్.

అన్ని ఆటల్లోనూ ఈ నిర్ణయం ఇంత బరువుగా ఉండదు. 2013లో కొత్త రూపంలో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 14లో ఒకే క్యారెక్టర్ అన్ని జాబ్‌లూ నేర్చుకోవచ్చు, ఆయుధం మారిస్తే జాబ్ మారుతుంది. 2012లో గిల్డ్ వార్స్ 2 అసలు ప్రత్యేక హీలర్ అవసరమే లేకుండా చేద్దామని చూసింది, ప్రతి క్లాస్‌కూ సొంతంగా కోలుకునే నైపుణ్యం ఇచ్చింది. మూడేళ్ళకు రెయిడ్లు పెట్టేసరికి హీలర్, ట్యాంక్ లాంటి పాత్రలు వెనక గుమ్మం గుండా మళ్ళీ వచ్చాయి. క్లాసిక్‌లోనే 2023 చివర్లో సీజన్ ఆఫ్ డిస్కవరీ అనే ప్రత్యేక సర్వర్ల విడత మేజ్‌ను హీలర్‌గా, వార్‌లాక్‌ను, రోగ్‌ను ట్యాంకులుగా మార్చే రూన్‌లు తెచ్చింది. జనం వాటి వెనక ఎగబడ్డారు. ఇష్టమైన క్లాస్‌ను వదులుకోకుండానే కొరతగా ఉన్న పాత్రలోకి వెళ్ళే దారి దొరికితే ఎవరు కాదంటారు?

మామూలు క్లాసిక్‌లో ఆ సౌకర్యం లేదు కాబట్టి, పరీక్షించి చూడడమే దారి. ఒక సర్వర్‌లో పది క్యారెక్టర్ల దాకా పెట్టుకోవచ్చు. అయితే చాలామంది 5, 6 లెవెళ్ళు ఆడి తేల్చేస్తారు, అది తొందరపాటు. 10వ లెవెల్ దాకా హంటర్‌కు పెంపుడు జంతువే ఉండదు, డ్రూయిడ్‌కు ఎలుగుబంటి రూపం రాదు. వార్‌లాక్‌కు దెబ్బలు కాచే వాయిడ్‌వాకర్ వచ్చేదీ అప్పుడే. డ్రూయిడ్ పిల్లి రూపం కోసం 20 దాకా ఆగాలి. ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకుని, ఒక్కొక్కరిని 18 దాకా తెచ్చి, డెడ్‌మైన్స్ డంజన్‌కో, వెయిలింగ్ కావెర్న్స్ డంజన్‌కో ఒక్కసారి తీసుకెళ్ళడం మేలు. 60 దగ్గర చేయబోయే పాత్రలోనే వెళ్ళాలి. ప్రీస్ట్ అయితే హీలర్‌గా, వారియర్ అయితే డాలు పట్టుకుని ముందు నడవాలి. గుంపు ఒకసారి చచ్చి, స్మశానం నుంచి పరిగెత్తుకుంటూ తిరిగొచ్చాక కూడా ‘ఇంకోసారి ట్రై చేద్దాం’ అనాలనిపించే క్యారెక్టర్‌ను ఉంచుకుని, మిగతావాటిని తీసేయవచ్చు.